బ్యాండికూట్: సాలూరు కొండల్లో తోబుట్టువులున్న ఇంగ్లీషు మాట

బ్యాండికూట్ అనే మాట ఇంగ్లీషులో రెండు జంతువులకు పేరు. మొదటిది దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల పొలాల్లోనూ ఊళ్ళలోనూ కలుగులు తవ్వుకుని బతికే పెద్ద ఎలుక. రెండోది ఆస్ట్రేలియా, న్యూగినీల్లో ఉండే సంచి జంతువు. ఈ రెంటికీ చుట్టరికం లేదు, పేరు మాత్రం ఒక్కటే. ఆ పేరుకు పుట్టిల్లు తెలుగు. మన పందికొక్కు తూర్పుతీరంలో ఇంగ్లీషువాళ్ళ చెవిన పడి బ్యాండికూట్ అయింది.

ఇంగ్లీషు మాటలకు మూలం వెతికేవారు సాధారణంగా లాటిన్, గ్రీకు, ప్రాచీన జర్మానిక్ భాషల వైపు వెళతారు. ఈ మాటకు మూలం వెతికేవారు ముందు తెలుగు దగ్గరకు రావాలి. అక్కడి నుంచి ఇంకా వెనక్కి పోవాలంటే తెలుగుకు అతి దగ్గరి తోబుట్టువులైన కొండ, కువి, కుయి, గోండి భాషల మాట వినాలి. వాటిలో కొండ, కువి భాషలు సాలూరు, అరకు ప్రాంతాల తూర్పు కనుమల్లో నేటికీ వినిపిస్తాయి.

జంతువు, పేరు

పందికొక్కుల ప్రజాతిలో శాస్త్రజ్ఞులు మూడు జాతులను గుర్తించారు. బ్యాండికోటా ఇండికా అన్నిటికన్నా పెద్దది. తోక వదిలేస్తే దీని ఒడలు సుమారు 25 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు కిలో దాకా ఉంటుంది. బ్యాండికోటా బెంగాలెన్సిస్ దానికన్నా చిన్నది, వరి రైతుకు దీనివల్లే ఎక్కువ నష్టం. మూడోది బ్యాండికోటా సవిలై, ఆగ్నేయాసియాలో ఉంటుంది. మన ఊళ్ళలో మొదటి రెంటినీ పందికొక్కులనే అంటారు.

పొలం గట్లలో లోతుగా కలుగులు తవ్వి, వరి కంకులు కొరికి లోపల దాచుకోవడం చిన్న పందికొక్కు అలవాటు. కోతలయ్యాక ఆ కలుగులు తవ్వి ధాన్యం తీసుకోవడం మన పల్లెల్లో పాత సంగతే. గాదె కింద, పురి అడుగున, ఇంటి పునాదిలో చేరిందంటే ఆ ఇంటివారికి నిద్ర ఉండదు. ప్రజల సొమ్ము కాజేసేవారిని పందికొక్కులతో పోల్చి తిట్టడం తెలుగు వాడుకలో స్థిరపడింది కూడా ఇందుకే.

పందితో పోలిక ఎందుకు వచ్చిందో జంతువును చూసినవారికి వెంటనే తెలుస్తుంది. ఇది మామూలు ఎలుకకన్నా చాలా పెద్దది. వీపుమీద బిరుసైన వెంట్రుకలుంటాయి. చుట్టుముడితే వాటిని నిక్కబొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. పంది మూతితో నేలను పెళ్ళగించినట్లే ఇదీ మట్టిని తోడి పోస్తుంది. ఆకారం, అరుపు, పని మూడూ కలిసి ఈ పేరు పెట్టించాయి.

జంతువులకు పేర్లు పెట్టేటప్పుడు పందిని కొలబద్దగా తీసుకోవడం తెలుగుకు కొత్త కాదు. ఏదుపంది, ముళ్ళపంది అనేది పంది జాతికి చెందినది కాదు. అయినా ఆ పేరే నిలిచింది. ఇంగ్లీషులో అదే జంతువును పోర్క్యుపైన్ అంటారు. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక పందికి లాటిన్ పేరు పోర్కుస్, ముల్లుకు స్పీనా ఉన్నాయి. ఎక్కడో ఫ్రాన్సులో ఒకరు, ఇక్కడ తెలుగునాట ఒకరు ఒకే జంతువును చూసి ముళ్ళున్న పంది అనుకున్నారు. పందికొక్కు పేరు వెనక ఉన్నదీ అలాంటి చూపే.

ఇంగ్లీషులోకి ప్రవేశం

ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, 1682లో విశాఖపట్నంలోనూ వర్తక స్థావరాలు పెట్టింది. 1639లో మొదలైన మద్రాసు స్థావరంలోనూ తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండేవారు. 1766 నాటికి ఉత్తర సర్కారుల్లో ఎక్కువ భాగం కంపెనీ చేతికి వచ్చింది. బట్టల మూటలు, ధాన్యపు బస్తాలు నిలవచేసే గోదాముల్లో ఈ జంతువు బెడద తప్పనిది. గోదాము కాపలావారు, కూలీలు, దుబాసీలు చెప్పే పేరే దొరల నోటికీ అలవాటైంది.

1789లో అచ్చయిన ఇన్నెస్ మన్రో యుద్ధ వృత్తాంత గ్రంథంలో ఈ మాట కనిపిస్తుంది. కోరమాండల్ తీరంలో జరిగిన సైనిక చర్యల గురించి రాసిన ఆ పుస్తకంలో ఆయన బ్యాండికూట్‌ను, కంపు కొట్టే చుంచును ఒకటే అనుకున్నాడు. పేరు చెవిన పడింది గానీ జంతువు సరిగా గుర్తుపట్టలేదన్నమాట. 1886లో హెన్రీ యూల్, ఎ. సి. బర్నెల్ కూర్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాటకు మూలం తెలుగు పందికొక్కు అని, దాని అర్థం పంది ఎలుక అని స్పష్టంగా రాసింది. దేవగిరి కోట చెరసాలల్లో పిల్లులకన్నా పెద్ద ఎలుకలున్నాయని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా రాసిన సంగతిని కూడా ఆ నిఘంటువు ఇదే పదం కింద చేర్చింది.

మూలం తెలుగే అనడానికి ఇరుగుపొరుగు భాషలే సాక్ష్యం. ఇదే జంతువును తమిళంలో పెరుచ్చాళి అంటారు, కన్నడంలో హెగ్గణ అంటారు, హిందీ, మరాఠీల్లో ఘూస్ అంటారు. పందిని, కొక్కును కలిపి పలికేది తెలుగువారే. అందుకే ఈ మాట మద్రాసులో వినబడినా, మచిలీపట్నంలో వినబడినా పలికిన నోరు తెలుగు నోరే అయి ఉండాలి.

పలుకుబడిలో మార్పులు

పందికొక్కు బ్యాండికూట్‌గా మారడంలో మూడు మార్పులు జరిగాయి.

మొదటిది ‘ప’ స్థానంలో ‘బ’ రావడం. ఇంగ్లీషువారు మాట మొదట్లో వచ్చే ‘ప’ను కొంత ఊపిరి వదిలి, మన వత్తు ‘ఫ’కు దగ్గరగా పలుకుతారు. తెలుగు ‘ప’లో ఆ ఊపిరి ఉండదు. ఊపిరి లేని ‘ప’ వారి చెవికి ‘బ’లా వినిపిస్తుంది. అందుకే పంది వారికి బండి అయింది. ఎద్దుల బండి అనే అర్థంలో బ్యాండీ అనే మాట కూడా ఆ రోజుల్లో వారి వాడుకలో ఉండేది.

రెండోది చివరి ‘ఉ’ పోవడం. తెలుగు మాట అచ్చుతో ముగియాలి. ఇంగ్లీషుకు ఆ నియమం లేదు గనుక చివర హల్లు మిగిలింది.

మూడోది ఆ చివరి హల్లు ‘క’ నుంచి ‘ట’గా మారడం. కూట్ అనే నీటిపక్షి పేరు ఇంగ్లీషులో అప్పటికే ఉంది. పరాయి మాటలోని తెలియని ముక్కను తమకు తెలిసిన మాటలా పలకడం ఏ భాషలోనైనా జరిగేదే. కొక్కు కూట్ కావడానికి ఇదే కారణమని ఊహించవచ్చు.

పంది: ద్రావిడ భాషల్లో ఒకే మాట

కొక్కు అంటే తెలుగులో పెద్ద ఎలుక. పంది అనే మొదటి భాగానికి మాత్రం బలగం చాలా పెద్దది. తమిళంలో పన్ఱి, మలయాళంలో పన్ని, కన్నడంలో హంది, కొడగులో పంది, తుళులో పంజి, గోండిలో పద్ది, కొండ భాషలో పన్ఱి, కుయిలో పజి, కువిలో పజి, పజ్జి. ఇవన్నీ ఒకే మాటకు రూపాలు.

పైకి వేర్వేరుగా కనిపించే ఈ రూపాలను కలిపేవి క్రమమైన ధ్వని మార్పులు. కన్నడంలో మాట మొదటి ‘ప’ మధ్యయుగాల్లో ‘హ’ అయింది. మన పులి వారికి హులి, మన పాలు వారికి హాలు, మన పూవు వారికి హూవు. ఆ వరసలోనే పంది హంది అయింది. మలయాళంలో పాత ‘న్ఱ’ జంట ‘న్న’గా మారింది. తమిళ రాతలో మూన్ఱు అనేది మలయాళంలో మూన్ను, ఒన్ఱు అనేది ఒన్ను. ఆ వరసలోనే పన్ఱి పన్ని అయింది. తెలుగులో అదే జంట ‘ంద’ అయింది. తమిళంలో దూడను కన్ఱు అంటే, తెలుగులో పసిబిడ్డను కందు అంటారు. పన్ఱి, పంది జంట దానికి సరిజోడు.

ఒక మార్పు ఒక్క మాటలో కనిపిస్తే అది కాకతాళీయం కావచ్చు. మాట తర్వాత మాటలో అదే క్రమం కనిపిస్తే అది చుట్టరికానికి రుజువు. ఈ రూపాలన్నీ పోల్చి, అన్నిటికీ తల్లి అయిన రూపాన్ని భాషాశాస్త్రజ్ఞులు నిలబెట్టారు. అందులో మొదట ‘పన్’, చివర ‘ఇ’, నడుమ పంటి చిగురుకు నాలుక తాకించి పలికే ఒక పాత హల్లు ఉన్నాయి. తమిళంలో ఱ గా మిగిలింది, తెలుగులో ద గా మారింది ఆ హల్లే.

ఈ మాట సంస్కృతం నుంచి రాలేదు. సంస్కృతంలో పందికి వరాహం, సూకరం అనే పేర్లున్నాయి. సూకరంలోని మొదటి భాగానికీ, ఆడపందిని ఇంగ్లీషువారు పిలిచే సౌ అనే మాటకూ, స్వైన్ అనే మాటకూ మూలం ఒక్కటే. అవి ఇండో-యూరోపియన్ కుటుంబపు మాటలు. ఇంగ్లీషులో ఇలా సౌ, స్వైన్ రూపంలో తన తాతల కాలపు పంది ఉంది, పోర్క్యుపైన్‌లో లాటిన్ పంది ఉంది, బ్యాండికూట్‌లో ద్రావిడ పంది ఉంది.

సాలూరు కొండల సాక్ష్యం

సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలో వేగావతి ఒడ్డున ఉన్న పట్టణం. విజయనగరం నుంచి ఒడిశాలోని కోరాపుట్ వెళ్ళే జాతీయ రహదారి ఇక్కడి నుంచే కనుమ ఎక్కుతుంది. లారీల ఊరుగా ఆంధ్రదేశమంతా దీనికి పేరుంది. ద్రావిడ భాషాశాస్త్రంలో ఈ ఊరికి మరో పేరుంది, దాన్ని మనవారిలో ఎరిగినవారు తక్కువ.

థామస్ బరో, మరే ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు మొదటి కూర్పు 1961లోనూ, సవరించిన కూర్పు 1984లోనూ ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడ్డాయి. ద్రావిడ మాటల పుట్టుపూర్వోత్తరాలకు ప్రపంచమంతా ఆధారపడే గ్రంథం ఇదే. అందులో గదబ అనే ద్రావిడ భాష మాటల పక్కన సాలూరు మాండలికం అని తెలిపే గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తుంది. కువి మాటల పక్కన అరకు లోయలోని సుంకరమెట్ట గుర్తు వస్తుంది. బరో, సుధీభూషణ్ భట్టాచార్య ఈ కొండల్లో తిరిగి, మనుషుల నోట విని రాసుకున్న మాటలవి. ఆక్స్‌ఫర్డ్‌లో కూర్చుని ఒక తెలుగు మాట వయసు తేల్చాలనుకున్నవారికి సాలూరు, సుంకరమెట్ట సాక్షులయ్యాయి.

అంతకు ముందే ఈ పని మొదలైంది. సాలూరులో పనిచేసిన జర్మన్ లూథరన్ మిషనరీ ఎఫ్. వి. పి. షుల్జ్ కువి భాషకు వ్యాకరణం రాశాడు. అది 1911లో మద్రాసులో అచ్చయింది. ఆ వెంటనే కువి పదకోశం కూడా కూర్చాడు. తరువాతి నిఘంటుకారులు ఆయన పదాలను ప్రత్యేక గుర్తుతో వాడుకున్నారు. తెలుగువారైన భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండదొరల భాషను అధ్యయనం చేసి ‘కొండ లేదా కూబి’ అనే వర్ణనాత్మక గ్రంథాన్ని 1969లో వెలువరించారు. సాలూరు ప్రాంతపు గదబను పేరి భాస్కరరావు పరిశీలించారు. ఆయన కోణెకోర్ గదబ గ్రంథం 1980లో పుణెలోని డెక్కన్ కళాశాల నుంచి వచ్చింది.

ఈ కొండల్లో మూడు భాషాకుటుంబాలు పక్కపక్కన బతుకుతున్నాయి. కువి, కొండ, సాలూరు గదబ ద్రావిడ భాషలు. సవర ముండా భాష. గిడుగు రామమూర్తి జీవితంలో ఎక్కువ భాగం ధారపోసి వ్యాకరణం, నిఘంటువు రాసింది ఆ సవరకే. ఆదివాసీ ఒడియా ఇండో-ఆర్య భాష, సంతల్లో వేర్వేరు తెగలవారు మాట్లాడుకునే ఉమ్మడి భాష. గదబ అనే ఒకే పేరున్నవారిలో కొందరు ద్రావిడ భాష, కొందరు గుతోబ్ అనే ముండా భాష మాట్లాడతారు. తెగ పేరు చూసి భాష ఏదో నిర్ణయించకూడదని ఈ ఉదాహరణ చెబుతుంది.

వీటిలో కొండ, కువి భాషలు తెలుగుకు ప్రత్యేకంగా దగ్గరివి. కృష్ణమూర్తి వర్గీకరణ ప్రకారం తెలుగు, గోండి, కొండ, కుయి, కువి, పెంగో, మండ కలిసి దక్షిణ-మధ్య ద్రావిడ శాఖ. తమిళం, కన్నడం, మలయాళం వేరే శాఖ. అంటే తెలుగుకు సొంత తోబుట్టువులు చెన్నైలోనో బెంగళూరులోనో లేవు, సాలూరు పైన కొండల్లో ఉన్నాయి. మైదానంలో శతాబ్దాలుగా సాహిత్య భాషలను పక్కన పెట్టుకుని పెరిగిన మనకు ఈ చుట్టరికం కనబడకుండా పోయింది.

పంది మాట దగ్గర ఈ చుట్టరికం విలువ తెలుస్తుంది. తెలుగు అక్షరమాలలో బండి ఱ అని ఒకటుంది. ఇప్పుడు మనం దాన్ని మామూలు ర లాగే పలుకుతాం. కొండ భాషలో మాత్రం ర, ఱ నేటికీ వేర్వేరు ధ్వనులు. తమిళ పన్ఱిలోని ఱ కొండ పన్ఱిలోనూ ఉంది. రెండు శాఖల్లో, వందల మైళ్ళ దూరంలో, ఒకరి మాట ఒకరు వినకుండా బతికిన భాషలు ఒకే ధ్వనిని నిలుపుకున్నాయంటే అది ఉమ్మడి ఆస్తి అని తేలుతుంది. కొండ భాషను ఎవరూ రాసుకోకపోయి ఉంటే, తెలుగు పంది నడుమనున్న ‘ద’ ఒకప్పుడు ఏమిటో తేల్చడానికి మన శాఖలో ఇంత గట్టి సాక్షి ఉండేది కాదు.

ఆస్ట్రేలియాకు వలస

18వ శతాబ్దం చివర బ్రిటిషువారు ఆస్ట్రేలియాలో స్థిరపడినప్పుడు పొడుగు మూతి, వంగిన వీపు, నేల తవ్వే గోళ్ళున్న చిన్న జంతువు కనబడింది. భారతదేశపు బ్యాండికూట్ పేరు ఎరిగిన నావికులు, సైనికులు దీనికీ అదే పేరు పెట్టారు. శాస్త్రరీత్యా ఇది ఎలుక కాదు, కంగారూలా సంచిలో పిల్లను పెంచే జంతువు. దీని సంచి నోరు వెనక్కి తెరుచుకుంటుంది, అందువల్ల తవ్వేటప్పుడు మట్టి సంచిలో పడదు. శాస్త్రజ్ఞులు ఈ జంతువుల గణానికి పెరామెలెమార్ఫియా అని పేరు పెట్టినా లోకం మాత్రం బ్యాండికూట్ అనే అంటుంది.

అక్కడి ఇంగ్లీషులో ఈ మాట క్రియ కూడా అయింది. పైనున్న ఆకులు కదలకుండా అడుగు నుంచి బంగాళాదుంపలు తవ్వి దొంగిలించడాన్ని బ్యాండికూట్ చేయడం అంటారు. తెలుగులో పందికొక్కుకు ఉన్న దొంగ పేరు సముద్రాలు దాటినా వదలలేదు.

ఆస్ట్రేలియాలో పందికాళ్ళ బ్యాండికూట్ అనే జాతి ఉండేది. ముందుకాళ్ళ గోళ్ళు పంది డెక్కల్లా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇంగ్లీషులో పిగ్, తెలుగులో పంది ఒకే జంతువు పేరులో రెండుసార్లు చేరాయి. ఆ పేరు పలికినవారికి ఆ సంగతి తెలియదు. ఆ జంతువు 20వ శతాబ్దంలో అంతరించిపోయింది.

శాస్త్రనామం, నేటి వాడుక

1873లో బ్రిటిషు జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి బ్యాండికోటా అని పేరు పెట్టాడు. దాంతో పందికొక్కు లాటిన్ వేషంలో శాస్త్రలోకంలో శాశ్వతమైంది. ఏ దేశపు శాస్త్రజ్ఞుడు ఈ ఎలుకల గురించి రాసినా ఆ తెలుగు మాట రాయక తప్పదు.

1996లో వచ్చిన క్రాష్ బ్యాండికూట్ వీడియో ఆట ఈ మాటను ప్రపంచంలోని పిల్లలందరికీ నేర్పింది. ఆ ఆటలోని కథానాయకుడు ఆస్ట్రేలియా జంతువు. 2018లో కేరళకు చెందిన జెన్‌రోబోటిక్స్ సంస్థ మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే యంత్రాన్ని తయారుచేసి తిరువనంతపురంలో పనిలో పెట్టింది. మనుషులు మురుగుగోతుల్లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకునే దుస్థితిని తప్పించడానికి పుట్టిన ఆ యంత్రం పేరు బ్యాండికూట్. తూర్పుతీరంలో తిట్టుగా వాడిన మాట పడమటితీరంలో మనిషిని కాపాడే పనిముట్టుకు పేరై తిరిగి వచ్చింది.

మరో దారి: జింజర్

ద్రావిడ భాషల నుంచి ఇంగ్లీషుకు చేరిన మాటలన్నీ ఒకే దారిలో పోలేదు. సాలూరు, పాడేరు కొండల్లో పండే అల్లాన్ని ఇంగ్లీషువారు జింజర్ అంటారు. ఆ మాట పాత ఇంగ్లీషులో గింగిఫెర్, లాటిన్లో జింగిబెర్, గ్రీకులో జింగిబెరిస్. ఆ గ్రీకు మాట పాళీ సింగివేర వంటి ప్రాకృత రూపం నుంచి వచ్చింది. దాని వెనక తమిళ, మలయాళాల్లో అల్లానికి పేరైన ఇంజి, వేరు అర్థమున్న వేర్ కలిసి ఉన్నాయి. సంస్కృతంలో ఆ మాట శృంగవేరంగా మారి, కొమ్ములాంటి ఆకారం గలదనే కొత్త అర్థం తెచ్చుకుంది. మన తెలుగు అల్లానికి ఆ ఇంజితో సంబంధం లేదు. మన వేరు మాత్రం ఆ వేర్‌కు స్వయానా చుట్టం.

జింజర్ రెండువేల ఏళ్ళకు పైగా భాష నుంచి భాషకు చేతులు మారుతూ పోయింది. మ్యాంగో పోర్చుగీసువారి ఓడలెక్కి వెళ్ళింది. బ్యాండికూట్ నడుమ ఎవరూ లేకుండా, తెలుగువారి నోటి నుంచి నేరుగా ఇంగ్లీషువారి చెవికి చేరింది. ఇంగ్లీషులో తెలుగు మాటలు ఏమున్నాయని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పదగిన మాట ఇది.

భాషల స్థితి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, కోయ, గోండి, కొలామి, బంజారా అనే 8 భాషల్లో చిన్నపిల్లలకు వాచకాలు తయారయ్యాయి. ఆ పిల్లలు తమ ఇంటి మాటను తెలుగు లిపిలో చదువుకున్నారు. ద్రావిడ నిఘంటువులో ఇంతగా కనిపించే సాలూరు గదబకు ఆ 8 భాషల్లో చోటు లేదు. గదబ కుటుంబాల్లో చాలామంది ఇప్పటికే తెలుగుకు మారిపోయారు.

పందికొక్కు మాట వెనక్కి వెళ్ళే కొద్దీ దారి రాజాస్థానాలకు పోలేదు, పన్ఱి అనీ పజి అనీ ఇంట్లో పిల్లలకు నేర్పిన కొండవాళ్ళ గడపలకు పోయింది. ఆ భాషలు మాట్లాడేవారు ఇంకా ఉన్నారు. సాలూరు సంతలోనో, అరకు బస్సులోనో పక్కన కూర్చున్న మనిషి కువిలో మాట్లాడుతుంటే అది తెలుగుకు తోబుట్టువు మాట అని గుర్తుపెట్టుకోండి. ఉపాధ్యాయులైతే మీ బడిపిల్లల ఇంటి మాటలు ఒక పుస్తకంలో రాయించండి. జంతువుల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికపు పిలుపులు, ఏది దొరికితే అది. షుల్జ్, కృష్ణమూర్తి, భాస్కరరావు చేసింది ఆ పనే. ఆ పని ఇంకా పూర్తికాలేదు.